పోలమ్మ బోర్లా వేసిన రాయి

నేను ఒక హద్దురాయిని. నాలుగు పలకలు, పాతాక పైకి కనబడేది మోకాలెత్తు. కొండలోంచి నన్ను చీల్చిన మనిషి ఉలితో పలకలు దిద్దుతూ, ఎవరి పొలం మింగడానికి పోతావో అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నన్ను ఎక్కడ పాతినా మనుషులు ముందు నవ్వుతూ మాట్లాడతారు. ఆ నవ్వంటే నాకిప్పటికీ గిట్టదు.

మొదట నన్ను పాతింది నాగావళి ఒడ్డున, పోలమ్మ భర్త పొలంలో. కాలవ తవ్వుతామన్నారు. నా పక్కనే వరికంకి బొమ్మ వేసిన రేకు ఒకటి నిలబెట్టారు. ఊళ్లో చదువొచ్చిన పెద్దమనిషి కాగితం చూసి, ఇది ఉత్త కొలతకేనని చెప్పాడు. మొగుడూ పెళ్లాం వేలిముద్ర వేశారు. కాగితంలో ఉన్నది వేరు. సగం పొలం పోయింది. కాలవ నాలుగు బారలు తవ్వి వదిలేశారు. అందులో ఇప్పుడు తుమ్మలు మొలిచాయి. మొగుడు పోయాక పోలమ్మకు మిగిలింది ఏటిగట్టును ఆనుకున్న ముప్పై సెంట్ల వంగతోట ఒక్కటే.

అప్పటి నుంచి ఆమె ఏ రాతనూ ఒక్క నోట నమ్మలేదు. మందుల చీటీ అయినా సరే, ముగ్గురి చేత, ఒకరికి తెలియకుండా ఒకరి చేత చదివించుకునేది. మూడూ కలిస్తేనే నమ్మకం. తేడా వస్తే ఆ కాగితం చూరులోకి పోయేది. ఊరు నవ్వేది. నవ్వినవాళ్లలో ఎవరు ఏ కాగితం ఎలా చదివారో ఆమెకు గుర్తుండేది.

నిరుడు పట్నం నుంచి కొందరొచ్చారు. ఏటి వెంబడి, పిల్లాపాపలతో సైకిళ్లు తొక్కుకుంటూ పోయేలా గట్టు మీద దారి వేస్తామన్నారు. తుమ్మల్లో పడున్న నన్ను లేపి, పోలమ్మ తోట దగ్గర, గట్టుదారి రెండుగా చీలేచోట నిలబెట్టారు. పసుపు రంగు పూసి, సైకిలు బొమ్మ, బాణం గుర్తు వేసి, రెండు వరుసలు రాశారు. రాసినతను కూడా నవ్వుతూనే రాశాడు. మళ్లీ మొదలైందనుకున్నాను. నా ముఖం మీద ఏం రాశారో నాకెలా తెలుస్తుంది? నాకూ చదువు రాదు.

పోలమ్మ ముందుగా మరిది తవిటినాయుణ్ని పిలిచింది. అతను వంగి చూశాడు, తల పంకించాడు.

“పోతాది వొదినా. గట్టు కింద భూమి తీసుకుంతామని రాసీసినారు. తోట నా పేరున మార్సీ, ఆఫీసులో నాను సూసుకుంటాను.”

“మరి సైకిలు బొమ్మేటి?”

“అప్పుడు వరికంకి బొమ్మెయ్యలేదేటి?”

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. రేషను డీలరేమో కళ్లజోడు లేకుండానే చూసి, ఏదో సైకిళ్ల గొడవలే అన్నాడు. ఇద్దరి చదువూ కలవలేదు. బడి పంతులున్నాడు గాని, ఆయన రోజూ భోంచేసేది తవిటినాయుడి ఇంట్లోనే. పోలమ్మ రెండు రోజులు నా చుట్టూ తిరిగింది. మూడోనాడు గునపం తెచ్చింది. రాయే లేకపోతే కొలతెక్కడిదని ఆమె ఆలోచన. మిట్టమధ్యాహ్నం నన్ను పెకలించి, తోటలో బోరింగు దాకా దొర్లించుకుపోయి, బోర్లా వేసింది. నెల్లాళ్లు నా వీపు మీద బట్టలు ఉతికింది. దెబ్బలు తగిలేవి గాని హాయిగానే ఉండేది. బోర్లా పడుకున్న రాయితో ఎవడూ అబద్ధం చెప్పించలేడు.

ఒక ఆదివారం ఉదయం మూడు సైకిళ్లు తిన్నగా వంగతోటలోకి దిగాయి. భార్యాభర్తలు, వెనకాల పక్కచక్రాల బుల్లి సైకిలు మీద వాళ్ల ఆరేళ్ల కూతురు మోక్షిత. చీలిక దగ్గర బాణం లేదు కదా, నున్నగా కనబడ్డ దారి పట్టుకొచ్చేశారు. నాలుగు వంగమొక్కలు నలిగాయి. తండ్రి సిగ్నలు కోసం ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు. పోలమ్మ కొడవలితో ఎదురొచ్చింది.

“కొలుస్తన్నావేటి బాబూ?”

దారి తప్పామని, చీలిక దగ్గర పసుపురాయి ఉండాలని, ఎంత వెతికినా కనబడలేదని అతను చెప్పుకున్నాడు. అతని కూతురు ఆ రాయి మీదే కూర్చుని, కాళ్లూపుతూ బోరింగు నీళ్లు తాగుతోంది. పోలమ్మ అతణ్ని చూసింది, పిల్లను చూసింది. వెళ్లి గునపం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

నన్ను వెల్లకిలా తిప్పారు. పోలమ్మ రెండు చెంబుల నీళ్లు పోసి బురద కడిగింది. అతను చదవబోయాడు.

“నువ్వు సదవకు బాబూ. ఏటీ అనుకోకు. నీ గుంట సదువుతాది.”

మోక్షిత ఒకటో తరగతి. మోకాళ్ల మీద కూర్చుని, నా మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది. “సై... కి... ల్... దా... రి.” ఊపిరి పీల్చుకుని రెండో వరుస పట్టుకుంది. “పి... ల్ల... లు వ... స్తు... న్నా... రు. నె... మ్మ... ది.” చివరిదాకా వచ్చాక తండ్రి వైపు తిరిగి, “అంటే ఏంటి నాన్నా?” అంది.

ఆ ప్రశ్నకు పోలమ్మ బిగుసుకున్న భుజాలు దిగాయి. చదివిందేమిటో తనకే తెలియని పిల్లకు అబద్ధం చదవడం చేతకాదు. అయినా ఆమె వదల్లేదు.

“భూమి అని ఏడైనా ఉందేటి, సూడమ్మా.”

పిల్ల మళ్లీ మొదటి నుంచి వేలు జరుపుకుంటూ పోయింది.

“భ లేదు మామ్మా. ఎక్కడా లేదు.”

భ ఎలా ఉంటుందో బోరింగు కింది బురదలో పుల్లతో రాసి చూపించింది కూడా. ఆ పూటే నలుగురూ కలిసి నన్ను దొర్లించుకుపోయి చీలిక దగ్గర నిలబెట్టారు. నలిగిన మొక్కలకు పోలమ్మ ఆ భార్యాభర్తలిద్దరికీ చీవాట్లు పెట్టి, పిల్ల ఒళ్లో నాలుగు వంకాయలు పోసింది.

సాయంత్రం తవిటినాయుడు కాగితంతో వచ్చాడు. వేలిముద్ర వేస్తే చాలన్నాడు. పోలమ్మ అతణ్ని నా దగ్గరకు తీసుకొచ్చింది. నేల మీద కొడవలి మొనతో ఒక భ గీసింది.

“భూమికి ఇది ఉండాల గదా మరిదీ. రాయి మీద ఏడుందో ఏలెట్టి సూపించు.”

అతను కండువా దులిపి భుజాన వేసుకుని, కాగితం మడుచుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆదివారాలు గట్టు మీద బెల్లులు మోగుతాయి. పిల్లలు నా తల మీద చెయ్యి ఆనించి ఒగరుస్తారు. బాగానే ఉంది. కాని రంగు రంగే. రేపెవడైనా నవ్వుతూ వచ్చి దీని మీద ఇంకొకటి పూయగలడు. ఈ విషయంలో పోలమ్మదీ నాదీ ఒకే మాట. రోజూ పొద్దున్నే తోటకు పోతూ నా ముందు వంగి, పెదవులు కదుపుతూ, రెండు వరుసలూ వేలితో తడుముతుంది. చూసినవాళ్లు ముసలమ్మకు రాయి మీద భక్తి పుట్టిందంటారు.

భక్తి కాదు. ఎవడైనా వచ్చి భ పెట్టిపోయాడేమోనని.