లైటు కింద హండీ

ఫోటో తియ్యడమంటే ఏముంది, వేలితో నొక్కడమే కదా అనే మహానుభావులు ఒక్కసారి మహమూదా కాళ్ళు చూడాలి. పొద్దున్నుంచి నిలబడి నిలబడి బూరెల్లా పొంగాయి. పైగా రంజాన్ రోజా, గొంతులో మంచినీళ్ళ చుక్క పడలేదు. మెట్టుగూడలో ఆ ఇరుకు వంటింట్లో ఒకపక్క పొయ్యి, ఇంకోపక్క స్టూలుకు తాడుతో కట్టిన ఎల్‌ఈడీ లైటు, రెండు సెగల మధ్యా ఆవిడ.

ఆరోజు నేరేడ్‌మెట్‌లో షాగుఫ్తా అనే ఆవిడ ఇంటికి, రోజా విడిచే ఇఫ్తార్ వేళకు బిర్యానీ పోవాలి. అది నచ్చితే ఈద్ దావత్ వంటంతా నీకేనని షాగుఫ్తా మాటిచ్చింది. ఆ దావత్ దక్కితే ఇంటి నుంచి వండి పంపే ఈ చిన్న వ్యాపారం నిలబడుతుంది. దక్కకపోతే మళ్ళీ మోండా మార్కెట్‌లో గిన్నెల దుకాణమే గతి. కూర్చుంటే కళ్ళెర్రజేసే సేటు దగ్గర మళ్ళీ రోజంతా నిలబడాలి. ఆ ఆలోచనకే మహమూదాకు నీరసం ముంచుకొచ్చేది.

"బొమ్మ బాగుంటేనే బోణీ మేడమ్," అంటాడు ఉదయ్ భాస్కర్. కాకినాడ నుంచి వచ్చి, వీధి చివర మేడమీద ఫోన్‌తో ఫోటోలు తియ్యడం నేర్పుతాడు. మంచివాడే పాపం, అడిగినన్ని సార్లూ విసుక్కోకుండా చెబుతాడు. ట్యూబులైటు ఆర్పెయ్యాలి, రెండు రంగుల వెలుగులు కలిస్తే అన్నం కామెర్లొచ్చినట్టు ఉంటుంది. లైటు ఎదురుగా కాదు, వెనక పక్కనుంచి రావాలి. దానికి అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ కడితే వెలుగు మెత్తబడుతుంది. ఇటు నీడపక్కన థర్మోకోల్ అట్ట నిలబెడితే ముక్కల రంగు తెలుస్తుంది. ఇవన్నీ మహమూదా బుద్ధిగా నేర్చుకుంది. మిగిలింది చివరి పాఠం.

"ఫోటోకి పెట్టేది పూర్తిగా ఉడకనివ్వకండి. సగంలో దించెయ్యండి, మెతుకు మెతుకూ నిలబడుద్ది. పైన బ్రష్షుతో నూనె రాయండి, మెరిసిపోద్ది."

"మరి తినేదెట్ల సార్?"

"తినడానికి కాదండీ బాబూ, చూడ్డానికి! గిన్నెడు వండక్కర్లేదు కూడా. అడుగున ఇంకో గిన్నె బోర్లించి పైన సర్దితే చాలు, నిండుగా ఉంటది."

తిండితో ఆటలేంటని ఆవిడ మనసు పీకింది. ఫోటో అయ్యాక మళ్ళీ పొయ్యెక్కించి ఇంట్లో తినేద్దాంలే అని సర్దిచెప్పుకుంది. షాగుఫ్తాకు పోవాల్సిన అసలు బిర్యానీ నల్లటి పాత డేగ్చాలో, మూతకు పిండి మెత్తి, దమ్ మీద పెట్టింది. ఫోటో బిర్యానీ మాత్రం నిగనిగలాడే రాగి హండీలో అలంకరించింది. అడుగున స్టీలు గిన్నె బోర్లించి, పైన పచ్చిపచ్చి అన్నం, మాంసం ముక్కలు పేర్చి, వేయించిన ఉల్లిపాయ జల్లి, పుదీనా గుచ్చి, నూనె పూసింది. పెళ్ళికూతురికి కూడా ఇంత సింగారం ఉండదు.

ఇక తీసింది, తీసింది, తీసింది. ఒకదాంట్లో తన నీడ పడింది. ఒకదాంట్లో వెనకాల చీపురు పడింది. ఒకదానికి లెన్సు మీద జిడ్డు, చున్నీ కొంగుతో తుడిచి మళ్ళీ తీసింది. ఆఖరికి ఒక్కటి కుదిరింది. అబ్బ, ఎంత బాగుందో! తన చేతిదేనా ఇది అనిపించింది. వెంటనే షాగుఫ్తాకు పంపేసి, సాయంత్రపు అసర్ నమాజు చదివి, జెర నడుము వాల్చుదామని చాప మీద ఒరిగింది. అంతే, మొద్దునిద్ర పట్టింది.

లేచేసరికి పొద్దు వాలుతోంది. లైటు వెలుగుతూనే ఉంది. దాని కింద హండీ లేదు.

పొయ్యి మీద డేగ్చా ఉన్నచోటే ఉంది. గుమ్మంలో ఆటో ఆపి మొగుడు ముజీబ్ అప్పుడే లోపలికొచ్చాడు. "ఏం పరేషాన్ గాకు, పార్సిల్ ఇచ్చేసొచ్చిన. మంచిగ పండుకున్నవని లేపలేదు," అన్నాడు గొప్పగా.

"ఏది ఇచ్చినవ్?"

"ఏదేంది? గా లైటు కిందున్నది. గంత ముస్తాబు చేసి పెడితివి. నల్లది మనకనుకున్న."

అనుకోడూ మరి! మంచిది బయటివాళ్ళకి, మాడింది మనకి అని ఆ ఇంట్లో రోజూ పాడే పాట మహమూదాదే. రోజాలో ఉన్న మనిషి మూత తీసి రుచి చూసే ప్రశ్నే లేదాయె. "యా అల్లా, కొంప ముంచినవ్ గదయ్యా," అని మహమూదా నెత్తి కొట్టుకుంది. షాగుఫ్తాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇద్దరూ డేగ్చా గుడ్డలో చుట్టి ఆటోలో పెట్టుకుని బయల్దేరారు. దారిలోనే, రోజా విడవమనే మగ్రిబ్ అజాన్ వినబడింది. ముజీబ్ జేబులోంచి ఖర్జూరం తీసిస్తే నోట్లో వేసుకుంది. అది తియ్యగా ఉందో చేదుగా ఉందో కూడా తెలియలేదు.

నేరేడ్‌మెట్‌లో తలుపు తీసింది షాగుఫ్తాయే. వెనకాల నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద రాగి హండీ, దాని పక్కన ఆ స్టీలు గిన్నె. చుట్టాలంతా పండ్లూ బ్రెడ్డూ తింటున్నారు.

"ఏందీ మహమూదా ఇది? రోజా ఉన్నోళ్లకు గిన్నె బోర్లిచ్చి పంపుతవా? పైన నాలుగు మెతుకులు, అవి సుత పచ్చివే. మా తమ్ముని ముంగట నా ఇజ్జత్ పోయింది."

"మాఫ్ చేయుండ్రి ఆపా. అది మీకోసం గాదు, ఫోటో కోసం చేసింది. మా ఆయన ఎరక్క తెచ్చిండు. మీది ఇగో, ఇది," అని మహమూదా అక్కడే గుమ్మంలో డేగ్చా దించి పిండి పగలగొట్టింది. వాసన గుప్పుమంది. షాగుఫ్తా మూతి బిగించుకునే రెండు వేళ్ళతో ఇంత తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకాస్త తీసుకుంది.

"గిదే వచ్చుంటే..." అంది చివరికి, గొంతు తగ్గించి. "ఈద్ వంట వేరేటోళ్లకు చెప్పేసినమ్మా. మా తమ్ముడు కోపంల ఇందాకనే ఫోన్ చేసి మాటిచ్చేసిండు. ఇగ నేనేం చేయలేను."

మహమూదా తలూపింది. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అదీ లేదు. ఇంత కష్టానికి ఆ ఒక్కటైనా మిగిలిందేమోనని అడిగింది. "పోనీ, ఫోటో అన్న మంచిగుండెనా ఆపా?"

"ఏం ఫోటో?"

"ఇందాక పంపిన గద, ఫోన్‌ల."

"పిచ్చిదానా, రోజా ఉండి తిండి ఫోటోలు ఎవరు చూస్తరే? ఇఫ్తార్ అయ్యేదాంక నేను ఫోనే ముట్ట. మా ఆడబిడ్డ ఇంట్ల నీ చేతి బిర్యానీ తిన్న గనుకనే నిన్ను పిలిచిన."

వెనక నిలబడ్డ ముజీబ్ మెల్లగా, "పోదమా?" అన్నాడు.

"జెర ఆగు," అంది మహమూదా, డేగ్చా పక్కనే కూలబడుతూ. "ఆపా, ఓ పళ్ళెం ఇయ్యుండ్రి. నాకు ఆకలైతుంది."