అక్క వేసిన ప్లాన్

దంతవైద్యుడి దగ్గర సహాయకురాలిగా పనిచేసే చెల్లెలికి అదే మొదటి హాఫ్ మారథాన్. ఏ కిలోమీటరు ఎంత వేగంతో పరిగెత్తాలో అక్కే ప్లాన్ వేసి, పక్కనే పరిగెడుతూ కాపలా కాసింది.

"మెల్లిగా! ఇప్పుడే ఎగిరిపడితే చివర్లో చతికిలబడతావు."

చెల్లెలి చదువు, ఉద్యోగం, ఆఖరికి జుట్టు కత్తిరింపు కూడా అక్క ఇష్టమే. కాళ్ళు ఉరకలేస్తున్నా చెల్లెలు పళ్ళు బిగబట్టి ఆమె అడుగులోనే అడుగేసింది.

వంతెన ఎక్కుతుండగా అక్క పిక్క పట్టేసి కూలబడింది. చెల్లెలు ఆగిపోయింది.

"నువ్వెందుకే ఆగడం? పో!"

ఇదీ ఆజ్ఞే. చెల్లెలికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పోను. కాలు చాపు."

"ప్లాన్ పాడవుతుందే!"

"పాడవనీ."

పిక్క ఒత్తి, భుజం పట్టించి నడిపించింది. ఇద్దరూ అందరికన్నా వెనక గీత దాటారు. దారిపొడవునా అక్క సణుగుతూనే ఉంది.