మిర్ఘనీ మేష్టారి మూడు విప్లవాలు

"చేతుల దగ్గర ఇంకోసారి రుద్దు బతూల్. ఇవాళ అక్టోబరు గురించి మాట్లాడాలి. ముడతలుంటే బావుండదు," అన్నాడు మిర్ఘనీ, అద్దం ముందు తలపాగా చుట్టుకుంటూ.

మొగుడి జలాబియా అంగీ చేతుల మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి రుద్దింది బతూల్. అక్టోబరంటే ఇప్పటిది కాదు, అరవై నాలుగు నాటిది, మొదటి విప్లవం. ఎనభై అయిదు ఏప్రిల్‌లో రెండోది. మొన్న మొన్న అయింది మూడోది. మూడుసార్లూ సూడాన్ జనం రోడ్ల మీదికొచ్చి సైనిక దొరల్ని గద్దె దింపారు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో మిర్ఘనీ మేష్టారిని మించినవాడు ఓందుర్మాన్ ఊరు మొత్తంలో లేడని పేరు. అక్టోబరులో జడ్జీలూ ప్రొఫెసర్లూ నడిపారు, ఏప్రిల్‌లో యూనియన్లు నడిపాయి, ఈసారి కుర్రకారు నడిపింది. నిద్దట్లో లేపినా అప్పజెప్తాడు. విని విని బతూల్‌కీ కంఠతా వచ్చేసింది. కానీ ఆవిడనెవరడుగుతారు?

ఇవాళ ఉపన్యాసం అయ్యాక క్లబ్బులోనే పేట కమిటీని ఎన్నుకుంటారు. రొట్టె, గ్యాసు, నీళ్ళు ఇకమీదట వాళ్ళ చేతుల్లోనే. ఆ కమిటీలో ఉండాలని బతూల్‌కి కోరిక. కోరికంటే చిన్నమాటే, ఒంట్లో రగిలే ఆకలి అది. నిన్న భోజనం దగ్గర ఆ మాటెత్తితే మిర్ఘనీ ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజల్లో రొట్టె ముంచుకుంటూ నవ్వాడు. "నీకెందుకే ఆ తలనొప్పులు? హాయిగా ఇంటిపట్టున ఉండక!" హాయిగానట! గిన్నెలు కడిగేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు, ఈయన జలాబియాకి గంజి పెట్టేటప్పుడు ఆ హాయి ఎక్కడుందో వెతికి వెతికి విసిగిపోయింది బతూల్.

ఎనభై అయిదులో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. సమ్మె రోజున తన వరసలో కూర్చునే ఆడపిల్లలతో కలిసి తీగలు పీకేసింది. పెద్ద పెద్ద ఆఫీసర్ల ఫోన్లన్నీ మూగబోయాయి. సూపర్వైజరొచ్చి "తుపాకీలొస్తాయి, చూసుకోండి" అంటే, "రానివ్వండి, మేమూ చూస్తాం" అంది. అలాంటి పిల్ల! ఆ గుండెధైర్యం చూసే చేసుకున్నానని మిర్ఘనీ పెళ్ళిలో అందరికీ చెప్పుకున్నాడు. పెళ్ళైన నెలకి, "విప్లవం అయిపోయిందిగా, ఇంకా ఉద్యోగం దేనికి?" అన్నాడు. మానేసింది. ఎందుకు మానేశానా అని ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది. ఆ రోజు అందరికన్నా సంతోషించింది అత్తగారు నఫీసా హాజ్జా. "ఆడదాని గొంతు గుమ్మం దాటకూడదు, ఫోన్లో అయినా సరే" అంది.

మొన్నటి చలికాలంలో మాత్రం ఆ గొంతే కావాల్సొచ్చింది అందరికీ. ఊరేగింపు మొదలవ్వాలంటే ఒంటిగంటకి ఎవరో ఒక ఆడమనిషి కూత పెట్టాలి, పెళ్ళిళ్ళలో నాలుక ఆడిస్తూ పెట్టే ఆ పొడుగు కూత. అది వినగానే సందుల్లోంచి జనం బిలబిలమంటూ బయటికొచ్చేవారు. ఈ పేటలో ఆ కూత బతూల్‌ది. మేడెక్కి పెట్టేది. కింద గదిలో మేష్టారికి నడుం నొప్పి. సరిగ్గా ఊరేగింపు రోజుల్లోనే పట్టుకునే నొప్పి! చెవి పక్కన రేడియో పెట్టుకుని పడుకునేవాడు. ఒకరోజు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి తలుపు బాదారు, వెనక సైనికులు. "తియ్యకే! కొంపకి నిప్పు తెస్తావా?" అని అరిచాడు మిర్ఘనీ. తీసింది. ఆ కుర్రాళ్ళని పెరటి గోడ దాటించేసరికి సైనికులు లోపలికొచ్చి, తుపాకీ మడమతో ఆమె ఎడమ మణికట్టు విరగ్గొట్టారు. మేష్టారు దుప్పట్లోంచి తల బయటపెడితే ఒట్టు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఇస్త్రీకి రెట్టింపు సేపు పడుతోంది.

క్లబ్బు ఆవరణ నిండిపోయింది. ముందు మగవాళ్ళు కుర్చీల్లో, వెనక ఆడవాళ్ళు చాపల మీద, టీ పొయ్యిల పక్కన. అత్తగారిని గోడవార కూర్చోబెట్టి బతూల్ కెటిల్ అందుకుంది.

"అక్టోబరుకి బుద్ధి ఉంది, ఏప్రిల్‌కి కట్టుబాటు ఉంది, ఈ విప్లవానికి ధైర్యం ఉంది," అన్నాడు మిర్ఘనీ మైకులో. చప్పట్లు. "సైనికులు వెంటపడ్డ రోజున నేను నా ఇంటి తలుపు తెరిచాను. ఏమైతే అదవుతుందనుకున్నాను." మళ్ళీ చప్పట్లు.

బతూల్ గ్లాసులోకి టీ వంచుతూ విన్నది. ఎంత నున్నగా చెప్పాడమ్మా! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా.

"అదేమిటే, ఆరోజు మేష్టారికి నడుం నొప్పి కాదూ?" అంది పక్కింటి అవాతిఫ్, గొంతు తగ్గించకుండానే.

"మూడు విప్లవాల్లోనూ మన ఆడవాళ్ళు మన వెనకే నిలబడ్డారు," అని ముగించాడు మిర్ఘనీ.

"వెనకా?" గోడవార నుంచి నఫీసా హాజ్జా గొణిగింది. "అక్టోబరులో వీణ్ణి చంకనేసుకుని ముందు వరసలో నడిచాను. దారి పొడుగునా ఒకటే ఏడుపు, వెధవ."

బతూల్ ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఈ మాట ఎన్నడూ వినలేదు. "మరెప్పుడూ చెప్పలేదేం అత్తా?"

"ఎవరడిగారే? విప్లవం అయ్యాక మాకు ఓటొచ్చింది. మీ మామ పెట్టె దాకా వెంటొచ్చి, ఎవరికెయ్యాలో చెప్పి వేయించి తీసుకొచ్చాడు. ఇంటికొచ్చి రొట్టెలు కాల్చాను. అంతే, అయిపోయింది."

అయితే ఇన్నాళ్ళూ అత్తగారు తన నోరు నొక్కినవాళ్ళ మాటల్నే కోడలికి అప్పజెబుతూ వచ్చిందన్నమాట! బతూల్‌కి జాలీ కోపం కలిసే వచ్చాయి. ఏది ముందో తెలియలేదు.

ఇంతలో క్లబ్బు అధ్యక్షుడు లేచి కమిటీ పేర్లు చదివాడు. అన్నీ మగపేర్లే. మొదటిది మిర్ఘనీది. చదవడం అయ్యీ కాకముందే అవాతిఫ్ లేచి నిలబడింది. "బతూల్ పేరు కూడా రాసుకోండి. ఈ పేటలో చెయ్యి విరగ్గొట్టుకుందెవరు? నాకైతే ఇంకెవరూ కనబడ్డం లేదు."

మైకు ఇంకా మిర్ఘనీ చేతిలోనే ఉంది. మహా ముద్దుగా నవ్వాడు. "ఇంటికొక్కరు చాలు కదా అవాతిఫ్! ఆవిడా ఇక్కడ కూర్చుంటే మనకి టీ ఎవరిస్తారు?"

ఆవరణంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లో తను గోడ దాటించిన కుర్రాళ్ళ నవ్వులు కూడా విన్నది బతూల్. మొగుడి మాట కన్నా అదే ఎక్కువ కాల్చింది.

"సరే సరే, శుభమా అని కమిటీ ఏర్పడింది," అన్నాడు అధ్యక్షుడు. "బతూల్, ఏదీ, ఒక్క కూత పెట్టమ్మా!"

అందరూ వెనక్కి తిరిగారు. అలవాటు కొద్దీ నాలుక అంగిట్లోకి లేచింది. పళ్ళు బిగించింది. ఎంతసేపు చూసినా కూత రాలేదు. మిర్ఘనీ నవ్వు మొహమ్మీదే బిగుసుకుపోయింది. "అమ్మా, నువ్వైనా పెట్టు," అన్నాడు.

కొడుకు సున్తీకీ పెళ్ళికీ పేట దద్దరిల్లేలా కూత పెట్టిన మనిషి ఆవిడ. "అక్టోబరులో పెట్టానురా," అంది ముసలావిడ. "ఇంక ఓపిక లేదు."

బతూల్ కెటిల్ కింద పెట్టింది. మగవాళ్ళ వరసల మధ్యనుంచి ముందుకి నడిచింది. తనని తప్పించడానికి రేపట్నుంచి మీటింగు ఇంకోచోటికి మార్చుకుంటారని తెలుసు. ఇంట్లో నెలరోజులు మాటలుండవనీ తెలుసు. ఉండకపోతే పోనీ, ఇన్నేళ్ళున్న మాటలతో తను బావుకున్నదేముంది గనక! కమిటీ వాళ్ళకి వేసిన వరసలో మిర్ఘనీ కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూర్చుంది.

మిర్ఘనీ మైకు మూతికి చెయ్యి అడ్డం పెట్టి ఆమె మీదికి వంగాడు. "ఏమిటీ పిచ్చిపని? లే. అది నా కుర్చీ."

"ఇంటికొక్కరు చాలన్నారుగా," అంది బతూల్, భుజమ్మీద కొంగు సర్దుకుంటూ. "నేనొచ్చాను. మీరెళ్ళి టీ చూడండి."