లోవమ్మ హమ్మింగు

నరసాపురంలో ఆంప్లిఫయర్లు బాగుచేసే జానకిరామ్ పొద్దున్నే కొట్టు తెరిచాక మొదట చేసే పని ట్యూబ్‌లైటు ఆపడం. అది వెలుగుతుంటే టెస్టింగు మీటరులో ముల్లు ఓ చోట నిలవదు. తర్వాత ఫోను చార్జరు పీకుతాడు. కరెంటు వైర్లనీ ఆడియో వైర్లనీ ఎడంగా జరుపుతాడు. ఆఖరుగా వంటింటి తలుపు వేస్తాడు, లోపల భార్య ఉంటుంది కనక.

లోవమ్మ భయపడితే దగ్గర్లో ఉన్న స్పీకర్లన్నీ గుయ్‌మంటాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. సముద్రం మీదకి వేటకెళ్లేవాళ్లు తుఫాను కబురుకి టీవీని నమ్మరు, ఆవిడ ఇంటి ముందు ఓ చెవి వేసి మరీ బయల్దేరతారు. దెయ్యాల సినిమా వస్తే హాలు మేనేజరు స్వయంగా వచ్చి, "ఈ వారం రాకండమ్మా" అని బతిమాలుకుంటాడు. ఎవరికీ ఇది వింత కాదు. జానకిరామ్‌కి మాత్రం చిరాకు. ఊళ్లో ఇంతమంది ఉండగా ఆడియో రిపేర్లవాడికేనా ఈ పెళ్లాం అని విసుక్కునేవాడు.

ఆ కార్తీకమాసంలో ముసురు పట్టింది. భజన బృందం నడిపే దొరబాబు గారి ఆంప్లిఫయరు బల్ల మీద, మీటరుకి తగిలించి ఉంది. ఏం చేసినా హమ్మింగు పోదు. ఆంప్లిఫయరుకీ మీటరుకీ చెరో దారిన ఎర్తు ఉండడం వల్లే ఆ రొద అని జానకిరామ్‌కి తెలుసు. పద్ధతిగా సరిచెయ్యాలంటే పూట పడుతుంది, సాయంత్రమే భజన. కటింగు ప్లయరు తీసి, ఆంప్లిఫయరు ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను కత్తిరించేశాడు. ముల్లు సున్నా మీద పడుకుంది.

అప్పుడే టీ తెచ్చిన లోవమ్మ ఆ ప్లగ్గు చూసింది. స్పీకరు గుయ్‌మంది.

"మా అన్నయ్య రొయ్యల చెరువు మోటారుకీ ఇలాగే పిన్ను పీకేశారండి. పొద్దున్నే వెళ్లి చెయ్యేశాడు. మళ్లీ తియ్యలేదు."

"చెరువు మోటారూ ఇదీ ఒకటేనా? నువ్విక్కడుంటే నా పని తెమలదు. రత్తమ్మ గారింటికెళ్లి కూర్చో."

వెళ్లింది. రత్తమ్మ గారిల్లు వీధి చివర. లోవమ్మ నడిచిన కొద్దీ హమ్మింగు తగ్గిపోయి, కొట్లో వాన చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లలో అంత శుభ్రమైన నిశ్శబ్దం జానకిరామ్ వినలేదు. తెగ మురిసిపోయాడు.

కాసేపటికి దొరబాబు గారు తడిసి ముద్దయి వచ్చారు. చెప్పులు గుమ్మంలో వదిలి, నీళ్లోడుతున్న పంచెతో లోపలికి నడిచారు. రత్తమ్మ గారి అరుగు మీంచి లోవమ్మ ఆ తడి కాళ్లని చూసింది.

జానకిరామ్ మీటరు వైరు పీకి మైకు తగిలించాడు. "చూసుకోండి. చీమ చిటుక్కుమన్నా వినపడుతుందండి."

"ఏదీ, ఓ పద్యం అందుకుంటాను" అంటూ ఆయన స్టీలు మైకు వైపు చెయ్యి చాచారు.

స్పీకరు అరిచింది. అలమరలో గాజు గ్లాసులు అదిరిపోయాయి. దొరబాబు గారు చాచిన చెయ్యి లాక్కుని రెండు చెవులూ మూసుకున్నారు. వీధి చివర నుంచి లోవమ్మ వానలో పరిగెత్తుకొస్తోంది. జానకిరామ్ దొరబాబు గారి తడి కాళ్ల వంక చూశాడు. టెస్టరు తీసి మైకుకి ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

చెమ్మకి లోపల ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతిని, కరెంటు ఆంప్లిఫయరు పెట్టెకీ, దాన్నుంచి మైకుకీ పాకింది. ఇంతసేపూ అది మీటరు వైరు గుండా భూమిలోకి పోతూ వచ్చింది. ఆ వైరు పీకింది తనే.

"ఏంటయ్యా ఆ గోల?"

"ఏం లేదండి. ఇవాళ్టికి మా సెట్టు తీసుకెళ్లండి, మీది రేపిస్తాను."

దొరబాబు గారు సణుక్కుంటూ లోవమ్మ ఇచ్చిన టీ తాగి, పంచదార తక్కువైందన్నారు. ఎంత దగ్గరికి వెళ్లొచ్చారో ఆయనకి తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా.

సాయంత్రం మైకులో ఆయన గొంతు ఊరంతా వినిపించింది. శ్రుతి తప్పింది గానీ గొంతైతే ఉంది. జానకిరామ్ ఆంప్లిఫయరుకి ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు, కొత్త ప్లగ్గు వేశాడు, మీటరునీ దాన్నీ ఒకే ఎర్తుకి కలిపాడు. టెస్టరు ఆనించి చూశాడు, వెలగలేదు. ముల్లు మాత్రం సున్నాకి రాలేదు. సన్నగా గుయ్‌మంటూనే ఉంది.

"లోవా, ఇంకా భయంగానే ఉందా?"

"లేదండీ, నాకెప్పుడో తగ్గిపోయింది" అంది ఆవిడ, చేపల పులుసులోకి చింతపండు పిసుకుతూ.

జానకిరామ్ బల్ల దగ్గర్నుంచి ఓ అడుగు వెనక్కి వేశాడు. హమ్మింగు తగ్గింది. మళ్లీ దగ్గరికొచ్చాడు. పెరిగింది.