అడగకుండా తెచ్చిన దండ

హోలీకి ముందురోజు సాయంత్రం శ్రావణ్ బోధన్ బజారు నుంచి రెండు చక్కెర దండలు తెచ్చాడు. ఒకటి చిన్నది. అది చేపల బండి నాగవ్వ కొడుకు కూతురు చిన్నుకు. రెండోది పెద్దది. దాంట్లో చక్కెర బిళ్లల మధ్య ఎండు కొబ్బరి కుడుకలు గుచ్చి ఉన్నాయి. అలీసాగర్ జలాశయం ఒడ్డున చేపలు వేయించే బండి దగ్గర, తినేవాళ్లు చూస్తుండగా, దాన్ని నాగవ్వ కూతురు జ్యోతిరాణి చేతిలో పెట్టాడు.

"గిది నీకు," అన్నాడు.

జ్యోతిరాణి చేతులకు నూనె ఉంది. దండను రెండు వేళ్లతో పట్టుకుంది. బండి వెనక చేపలు కడుగుతున్న నాగవ్వ, చేతిలోని చేపను బకెట్‌లో వదిలి లేచింది.

పక్కన మక్క కంకులు కాల్చే ఈరవ్వ అందరికంటే ముందు మాట్లాడింది. "ఏందే నాగవ్వా, మాకు జెప్పకుంటనే ఖాయం జేస్తిరా? బువ్వ పెట్టాల్సొస్తదని దాసినవా?"

శ్రావణ్‌కు ఆ మాట అర్థం కాలేదు.

అక్కడ హోలీకి పిల్లల మెడలో చక్కెర దండ వేస్తారు. పెండ్లి ఖాయమైన అమ్మాయికి మాత్రం కుడుకలు గుచ్చిన దండ అత్తగారింటి నుంచి వస్తుంది. తీసుకుంటే ఒప్పుకున్నట్టే. శ్రావణ్ ఇంట్లో ఆడపిల్లలు లేరు. చిన్నుకు దండ కొంటూ, జ్యోతిరాణికి ఏమీ లేకుండా వెళ్లడం బాగుండదనుకున్నాడు. దుకాణంలో కుడుకలున్నది కనిపించింది. కట్టించుకుని వచ్చాడు.

"మీ అవ్వ రాలేదా బిడ్డా?" అని నాగవ్వ అడిగింది.

"ఇంటికాడ ఉన్నది అవ్వా. ఎందుకు?"

నాగవ్వ కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది. అతనికి చేప ముక్కలు రెండు ఎక్కువ వేసింది.

శ్రావణ్‌ది ఇందల్వాయి. జలాశయంలో తొక్కుడు బోట్లు నడిపించే కాంట్రాక్టరు అతన్ని రిపేరు పనికి పెట్టుకున్నాడు. ఎండాకాలం నీళ్లు తగ్గి రేవు ఎండిపోతే బోట్లను ఒడ్డుకు ఎక్కిస్తారు. ఆ తర్వాత అతనికి అక్కడ పని ఉండదు. రోజూ బండి దగ్గర తిని, కట్టేసేదాకా నిలబడి, నీళ్లు ఎంత తగ్గాయో చెప్పేవాడు. జ్యోతిరాణి అతని కోసం నడిమి ముక్క పక్కకు తీసిపెట్టేది. నీళ్ల సంగతి కాకుండా ఇంకో మాట చెబుతాడేమోనని చూసేది. ఆ ఏడాది నీళ్లు తొందరగా తగ్గాయి.

దండ ఇచ్చిన రాత్రే ఈరవ్వ ఎడపల్లికి ఫోను చేసింది. తెల్లారి జ్యోతిరాణి మేనమామ రామ్‌దాస్ ఎడపల్లి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. అప్పటికే ముఖం నిండా రంగు ఉంది. శ్రావణ్‌ది ఏ ఇల్లో నాగవ్వను అడిగాడు. తాగుతాడా అని ఈరవ్వను అడిగాడు. పని ఎట్లా చేస్తాడని బోట్ల టికెట్లు చింపేవాణ్ని అడిగాడు. చేపలకు కారం పట్టిస్తున్న జ్యోతిరాణిని మాత్రం, "ఏమే, ఖుషేనా?" అని, జవాబు వినకుండా వెళ్లి కూర్చున్నాడు.

ఆమె దండను బండి మేకుకు తగిలించింది. చీమలు పట్టాయి. తీసి కర్రకు కట్టింది. అక్కడికీ వచ్చాయి. స్టవ్ ముట్టించి, నూనె పోయకుండానే ఆర్పేసింది. మళ్లీ ముట్టించింది.

మధ్యాహ్నం శ్రావణ్ వచ్చాడు. టికెట్లవాడు అతనికి సంగతంతా చెప్పాడు.

"రా అల్లుడా, కూసో," అన్నాడు రామ్‌దాస్.

శ్రావణ్ కూర్చోలేదు. జ్యోతిరాణి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "గిట్లుంటదని నాకెరుకలేదు. ఇచ్చెయ్. వాపస్ తీస్కపోత."

"అంటే ఒట్టిగనే తెచ్చినవా?"

"ఒట్టిగ కాదు."

"మరి?"

అతను నీళ్లవైపు చూశాడు. "రేపు బోట్లు ఒడ్డుకెక్కిస్తరు."

"నేనడిగింది బోట్ల సంగతి కాదు," అని ఆమె స్టవ్ ఆర్పింది. "నడువు. రేవు కాడికి పోదాం."

"యాడికే?" అని రామ్‌దాస్ లేచాడు. "ఇంక పెండ్లి కాకముందే గీ తిరుగుడేంది?"

"ఖాయమైందంటివి గదా మామా. ఇప్పుడు తిరిగితే ఏమైతది?"

ఈరవ్వ పకపక నవ్వింది. రామ్‌దాస్ కూర్చున్నాడు.

రేవు దగ్గర మట్టి పగుళ్లు తేలింది. బోట్లలో సగం బురదలో ఆనుకుని ఉన్నాయి.

"దండ మా అవ్వ సూస్తుండంగ ఇచ్చినవ్. ఊరంత సూస్తుండంగ ఇచ్చినవ్," అంది జ్యోతిరాణి. "నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా? ముందుగాల చందూర్ సంబంధం గిట్లనే అయింది. నేను బండి కాడ ఉంటె ఇంట్ల ఖాయం జేసిండ్రు. మళ్ల వాళ్లే వద్దనుకున్నరు. రెండూ నాకు ఆఖర్ల తెల్సినయ్."

"నాకు భయమైంది జ్యోతీ."

"దేనికి?"

"కాదంటవేమోనని."

"అంటనేమో. అడిగితేనే గదా అనేది."

శ్రావణ్ బోటు అంచు పట్టుకుని కదిలించాడు. అది కదల్లేదు. "మాకు పొలం లేదు. బాపుకు పంచర్ దుకాణం ఉంది. ఎండకాలం నేను గాడ ఉంట, నీళ్లున్నన్ని దినాలు గీడ. నువ్వు బండి ఇడిశిపెట్టి రావాల్నని నేననను."

"ఇంకా అడుగలే నువ్వు."

"నన్ను చేసుకుంటవా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఒడ్డున నాగవ్వ, రామ్‌దాస్, ఈరవ్వ వరసగా నిలబడి ఇటే చూస్తున్నారు. ఈరవ్వ కాలుస్తున్న కంకి మాడుతోంది.

"రేపు బోట్లు ఎక్కించినంక రా. గప్పుడు జెప్త."

"కాదంటే?"

"ఇంటికి పోను నిజామాబాద్ బస్సు ఉండనే ఉన్నది."

అతను తల ఊపాడు. "మరి దండ తీస్కపోనా?"

"ఉండనీ. చీమలు తినంగ మిగిలింది నాదే." నాలుగడుగులు వేసి ఆగింది. "రేపు వేరే యాడ తినకు."

ఆమె బండి దగ్గరికి వచ్చేసరికి రామ్‌దాస్ ఎదురొచ్చాడు. "ఏమన్నడే అల్లుడు?"

"అడిగిండు మామా."

"నువ్వేమన్నవ్?"

"నేనింకా ఏమనలే," అని జ్యోతిరాణి పెనంలో నూనె పోసింది.