పక్క సీటు

విల్మా కాఫీ కెటిల్‌ని సింకులో పడుకోబెట్టి చుట్టూ తువ్వాలు కూరింది. పళ్లేల మధ్య ఒక్కో గుడ్డ పెట్టింది. గుడ్ల అట్టపెట్టెను మంచం మీద రెండు దిండ్ల మధ్య ఇరికించింది. పంతొమ్మిది వేసవులుగా ఆ ఆర్వీలో, ఇల్లులాంటి ఆ సెలవుల బండిలో, గుడ్లు ప్రయాణం చేసేది అక్కడే. తర్వాత ఒక్కో అల్మరా తలుపూ మూసి, రెండేసి సార్లు లాగి చూసింది. ఇరవై తొమ్మిదేళ్లు బడి బస్సు నడిపిన మనిషికి ఒక్కసారి లాగి చూస్తే తృప్తి ఉండదు.

లోపలి పని ఆమెది. బయటి పని భర్తది. హార్లన్ బండి చుట్టూ తిరుగుతూ చేసిన ప్రతి పనినీ పైకి చెబుతాడు. కిటికీ కింద అతని టోపీ మాత్రం కదులుతూ కనిపిస్తుంది.

"చక్రాల కింద దిమ్మలు తీశా. కరెంటు తీగ తీశా. నీళ్ల పైపు తీశా. మెట్టు మూశా."

ఆఖరున బండి ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు. అంటే బయల్దేరొచ్చు.

విల్మాకి అరవై ఆరేళ్లు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. పెద్ద స్టీరింగు తిప్పీ తిప్పీ ముంజేతులు గట్టిపడ్డాయి. ఒకప్పుడు ఆమె ఎడమ చెయ్యి కుడిచేతి కంటే బాగా నల్లగా, మచ్చలతో ఉండేది. నెబ్రాస్కాలోని వాళ్ల చిన్న ఊరి ఎండంతా తొమ్మిదో నెంబరు బస్సు ఎడమపక్క డ్రైవరు కిటికీలోంచి ఆ చేతి మీదే పడింది. ఆర్వీ కొన్న మొదటి వేసవిలో ఆమె అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు వైపు నడిచింది. హార్లన్ తాళాలు లాక్కున్నాడు.

"ఏడాదంతా ఊళ్లో పిల్లల్ని మోశావు. ఈ మూడు వారాలూ నిన్ను నేను మోస్తా. నీ ఎడమ చెయ్యి బడివాళ్లు కాల్చారు, కుడి చెయ్యి నేను కాలుస్తా. సరిపోతుంది."

హార్లన్ ఇనప సామాన్ల దుకాణంలో మేకులు తూచి, తాళాలకు మారు చెవులు కోసి బతికినవాడు. డ్రైవరుగా అంతంతమాత్రం. మలుపు ముందు కాకుండా మలుపులో బ్రేకు వేస్తాడు. మొదటి ఏడు విల్మా కుడికాలితో లేని బ్రేకుని తొక్కీ తొక్కీ పిక్క పట్టేసి కుంటింది. ఇక లాభం లేదని కాళ్లు రెండూ ఎత్తి డాష్‌బోర్డు మీద పెట్టుకుంది. ఆమె బస్సులో ఏ పిల్లాడైనా ఆ పని చేస్తే ముందు సీటుకి పిలిచి కూర్చోబెట్టేది. కానీ అలా పెట్టాక మొట్టమొదటిసారిగా ఆమెకి కిటికీ అవతల ఏముందో కనిపించింది. ఏటి ఒడ్డున బట్టలు ఆరేస్తున్న మనిషి, గడ్డివాము మీద నిద్రపోతున్న కుక్క, కొండ భుజం మీద జూలైలో కూడా కరగని మంచు ముక్క. పంతొమ్మిది వేసవులకి ఆ డాష్‌బోర్డు మీద ఆమె మడమల గుర్తులు రెండు, పాత నాణేల్లా అరిగి, పడిపోయాయి.

ఈ ఏడు ప్రయాణంలో ఇంకో విశేషం ఉంది. హార్లన్ ఆమెని ఓరకంట చూస్తున్నాడు. ముఖం కొండల వైపు, చూపు ఆమె వైపు. పెట్రోలు బంకు దగ్గర, రొట్టె కోస్తున్నప్పుడు, పళ్లు తోముకుంటున్నప్పుడు కూడా.

"ఏంటా చూపులు, పెళ్లికొడుకులా?" అని నిన్న అడిగింది.

"నా పెళ్లాన్నే కదా చూసుకుంటున్నా."

డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఆ మాటంటే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? విల్మా దారిలో మందుల షాపులో గులాబిరంగు లిప్‌స్టిక్ కొనుక్కుంది. ఇవాళ పొద్దున్నే స్నానాలగది చిన్న అద్దంలో చూసుకుంటూ రాసుకుని, ఒక్కతే నవ్వుకుంది.

హార్లన్ ఎక్కి కూర్చున్నాడు. అతని సీటు మీద చెక్కపూసలు గుచ్చిన పరుపు ఉంది. నడుంనొప్పికి మంచిదని ఏనాడో కొన్నాడు. అతను కూర్చోగానే అది ఎప్పటిలాగే కిరకిరలాడింది. ఇవాళ బఫెలో ఊరు దాటి, బిగ్ హార్న్ కొండల మీది పెద్ద కనుమ ఎక్కి, అవతల టెన్ స్లీప్ అనే ఊళ్లో దిగాలి. రోడ్డంతా మలుపులే.

బండి పది గజాలు కదిలిందో లేదో వెనక సన్నగా బుస్సుమంది. బండ్లు ఆపుకునే ఆ మైదానంలో పక్క బండిలోంచి ఓ అమ్మాయి నైట్‌డ్రెస్సులోనే పరుగెత్తుకొచ్చింది. వాళ్ల వెనకద్దం మీద 'కొత్తగా పెళ్లయింది' అని సబ్బుతో రాసిన అక్షరాలు ఇంకా చెరగలేదు.

"ఆగండాగండి! పైపు! మీ పైపండీ!"

ఆకుపచ్చ నీళ్లపైపు కుళాయి దగ్గర తెగి, మిగతాది బండి వెంట పాములా ఈడ్చుకొస్తోంది. కుళాయిలోంచి నీళ్లు నిలువెత్తున ఎగజిమ్ముతున్నాయి. హార్లన్ పరుగెత్తి దాన్ని కట్టేసేసరికి టోపీలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

"స్నానం బండిలో చెయ్యొచ్చుగా, ఊరంతా చూసేలా ఎందుకు?" అంది విల్మా.

"నెలకోసారి చేసేది, నలుగురూ చూడాలి కదా!"

పెళ్లికూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. విల్మా కూడా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. 'నీళ్ల పైపు తీశా' అని అతను చెప్పడం ఆమె విన్నది. ఆ టోపీ కుళాయి దగ్గరే ఆగడమూ చూసింది. బూడిదరంగు కంకర మీద అంత పచ్చటి పైపు. దాని ఎదురుగా నిలబడి, దాన్నే చూస్తూ, తీశానన్నాడు.

అతను మళ్లీ బండి తీసి బఫెలో ఊళ్లోకి పోనిచ్చాడు. ఈసారి విల్మా కాళ్లు డాష్‌బోర్డు మీదకి వెళ్లలేదు.

"ముందు ఎర్రలైటు," అంది.

"తెలుసు."

తెలిసిన మనిషి కంటే ఆలస్యంగా ఆగాడు. రోడ్డు దాటబోతున్న ఒకామె పిల్లల తోపుడుబండిని వెనక్కి లాక్కుని వాళ్ల వైపు ఒక చూపు చూసింది. విల్మా కుడికాలు నేలని గట్టిగా తొక్కిపట్టి ఉంది.

"ఇక్కడ ఆపు, హార్లన్. చెర్రీపండ్ల పై తిందాం."

"పొద్దున ఎనిమిదింటికి మిఠాయేంటి?"

"సెలవుల్లో ఉన్నాం. ఆపు."

హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించే ఆవిడ కాఫీ పోసి, "ఏం తెమ్మంటారు బంగారాలూ?" అంది. విల్మా చెర్రీ పై అంది. హార్లన్ ముందున్న మెనూ కార్డు తెరవనే లేదు.

"తనకేదైతే నాకూ అదే."

"అబ్బ, ఇలాంటి మొగుడు ఎక్కడ దొరుకుతాడో చెప్పమ్మా, మావాడు నేనేదంటే అది కాదంటాడు," అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

ఈ వారం రోజులూ ప్రతి హోటల్లోనూ హార్లన్‌ది అదే మాట. దారిలో ఊళ్ల పేర్లు ఆమె చేతే చదివించుకున్నాడు, నీ గొంతు వింటుంటే బావుంటుందని. విల్మా అన్నీ వలపు ఖాతాలో వేసుకుని మురిసిపోయింది. లిప్‌స్టిక్ గుర్తొచ్చి చెంపలు వేడెక్కాయి.

"హార్లన్. నా ముఖం చూడు."

"చూస్తూనే ఉన్నా."

"ఓరగా కాదు. నేరుగా."

అతను తిన్నగా తిరిగాడు. లేత బూడిదరంగు కళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆమెకి తెలిసిన కళ్లు. అవి ఆమె ముఖం మీదే ఆగాయి, కానీ దేన్నీ పట్టుకోలేదు.

"ఏం కనిపిస్తోంది?"

చాలాసేపు చెంచాతో కాఫీ కలిపాడు. అతను కాఫీలో ఏమీ వేసుకోడు.

"జుట్టు కనిపిస్తోంది. చెవిపోగులు. భుజాలు."

"మధ్యలో?"

"మధ్యలో... అద్దం మీద ఎవరో ఆవిరి ఊది వెళ్లినట్టు. కాస్త పక్కకి తిరిగితే నువ్వొస్తావు."

"ఎప్పట్నించి?"

"ఏప్రిల్. కంటి డాక్టరు ఇక నడపొద్దన్నాడు."

"కళ్లద్దాలు మార్చాడన్నావు నాతో."

"మార్చాడు. అదీ నిజమే."

విల్మా చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. మంచు కురిసినా, పొగమంచు పట్టినా అరవై రెండు మంది పిల్లలతో రైలు పట్టాల ముందు బస్సు ఆపి, తలుపు తెరిచి, చెవొగ్గి విని మరీ దాటించిన చేతులవి. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరికీ చిన్న దెబ్బ తగలనివ్వలేదు.

"దారిలో పిల్లలుంటారు, హార్లన్." గొంతు పైకి లేవకుండా ఆపుకుంది. "ఇందాక తోపుడుబండిలో ఒకళ్లున్నారు. చూశావా?"

"ఎక్కడ?" అన్నాడతను. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చూళ్లేదు."

చెర్రీ పై వచ్చింది. ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు.

"ఈ ఒక్క కొండ దాటించి తాళాలు ఇచ్చేద్దామనుకున్నా," అన్నాడు చివరికి. "తాళాలు నీ చేతికొస్తే నీకు మళ్లీ ఉద్యోగమే. పెద్ద ఇల్లు కట్టలేదు నీకు, నగలు కొనలేదు. నేనిచ్చింది ఆ పక్క సీటు ఒక్కటే. అది కూడా తీసేసుకోవాలంటే చెయ్యి రాలేదు."

విల్మాకి చెప్పడానికి చాలా ఉంది. కోపం సగం అలాగే ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండ ఆమె రెండు చేతుల మీదా ఉంది. కుడిది, ఎడమది. ఏది ఎక్కువ నల్లగా ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆమె కుడి అరచెయ్యి చాపి బల్ల మీద పెట్టింది.

అతను తాళాలు అందులో పెట్టాడు.

"లిప్‌స్టిక్ రాసుకున్నాను," అంది విల్మా. "నీ కోసం. సన్నాసిలా."

"నిజంగా?" హార్లన్ మెల్లగా మెడ తిప్పి, పైలు పెట్టిన గాజు అల్మరా వైపు ముఖం పెట్టి, కంటికొసతో ఆమెని వెతికి పట్టుకున్నాడు. "గులాబి రంగు," అన్నాడు. "ఎంత బావున్నావే!"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పై మొత్తం తినేశారు, పళ్లెం అంచున మిగిలిన చెర్రీ రసంతో సహా.

బండి దగ్గర విల్మా చెప్పులు విప్పి, లేసుల బూట్లు వేసుకుంది. చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసింది. వెనకాలే నడుస్తూ హార్లన్ అన్నీ పైకి చెప్పాడు. ఆఖరి రెండు దెబ్బలు అతన్నే కొట్టనిచ్చింది. ఎక్కి, సీటు ముందుకి జరుపుకుంది.

"ఆ పూసలు నీకు గుచ్చుకుంటాయి. తీసెయ్యనా?"

"ఉండనీ."

ఊరు దాటగానే రోడ్డు ఎక్కడం మొదలుపెట్టింది. విల్మా గేరు తగ్గించి, మలుపుకి ముందే వేగం తగ్గించి, వెన్న మీద కత్తిలా బండిని తిప్పింది. వెనక మంచం మీద గుడ్లు కదల్లేదు. పక్క సీటులో హార్లన్ కుడికాలు మాత్రం ప్రతి మలుపుకీ నేలని తొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదు, మహారాజా."

"తెలుసు. కాలికి తెలీదు."

"కాళ్లు పైన పెట్టు. నేను నేర్చుకున్నది అలాగే."

అతను బూట్లు విప్పాడు. పొడుగు మనిషి, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఉన్నిమేజోళ్ల మడమలు ఆమె గుర్తుల మీద సర్దుకున్నాయి. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. ముఖం తిన్నగా రోడ్డు వైపే పెట్టి కూర్చున్నాడు. పైన్ చెట్లు వెనక్కి పోయాయి, గడ్డిమైదానం తెరుచుకుంది, నీలం పసుపు పూలు గాలికి ఊగుతున్నాయి.

"విల్మా!" ఒక్క కేక. "కుడివైపు! చెరువు అంచున! దుప్పి!"

"పెద్దదా?" ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"గుర్రమంత! మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి గడ్డి తింటోంది. మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇదిగో, తలెత్తింది. మనల్నే చూస్తోంది!" అతను నడిరోడ్డు వైపు ముఖం పెట్టుకునే, పిల్లాడిలా, వేలు మాత్రం కిటికీలోంచి చూపిస్తున్నాడు. "ఇన్నేళ్లూ నువ్వు చెబితే వినడమే. ఒక్కటీ చూళ్లేదు."

"ఇప్పుడెలా చూశావు?"

అతను ఆలోచించాడు. "చెడింది మధ్యలోనే కదా. మధ్యలో ఉండేది రోడ్డు. దాన్ని నువ్వు చూసుకో. పక్కన ఉన్నవన్నీ నావి."

విల్మా గేరు మార్చింది. "అరవై రెండు మందిని మోశాను. నువ్వొక్కడివి బరువా?"

కనుమ పైన గాలి చల్లగా ఉంది, ఆపి ఇద్దరూ చెరో బిస్కెట్టు తిన్నారు. దిగేటప్పుడు ఎర్రటి కొండ గోడల మధ్య రోడ్డు మెలికలు తిరిగింది. హార్లన్ వరుసగా చెబుతూనే ఉన్నాడు. రాతికి వేలాడుతున్న మనుషులు, తాళ్లతో. కింద ఏరు. గద్ద. కాదు, రెండు గద్దలు. విల్మా అన్నీ వింటూ నడిపింది. ఇన్నేళ్లు తను చెప్పినవన్నీ అతనికి ఇలాగే చేరాయన్నమాట, చెవుల్లోంచి. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తట్టింది. ఎంత దూరం అలా వింటూ తీసుకెళ్లాడో తనని.

టెన్ స్లీప్‌లో, ఏటి పక్కన చోటు దొరికింది. హార్లన్ దిగి అలవాటు లేని చోట, బండి వెనక, నిలబడ్డాడు. ఇన్నేళ్లూ అక్కడ నిలబడి చేతులూపింది విల్మా. అతను రెండు చేతులూ ఒకేసారి రెండు వైపులా ఊపాడు. ఆమె అద్దాలు చూసుకుని, ఒక్క తడవలో, గీత గీసినట్టు వెనక్కి వచ్చింది. ఆఖరి అడుగు దగ్గర మాత్రం బ్రేకు మీద కాలు పెట్టి అద్దంలో అతని అరచేతి కోసం ఆగింది. అరచెయ్యి కొంచెంగా ఊగింది, రా రా అని. ఆమె వచ్చింది. చెయ్యి నిలువుగా లేచింది. ఆమె ఆపింది.

"భలే పెట్టించాను!" అన్నాడు బయట్నించి.

"నువ్వు లేకపోతే ఏట్లోకే," అంది విల్మా.

తాళం తిప్పి, తీసి, జేబులో వేసుకుంది. దిమ్మలు వెయ్యడానికి దిగుతూ పక్కకి చూసింది. ఏటి ఒడ్డున అతను అప్పుడే రెండు కుర్చీలు విప్పుతున్నాడు, ముఖం నీళ్ల వైపు, చూపు ఆమె వైపు. ఆమె తలుపు వేసి అటు నడిచింది.

డ్రైవరు సీటు మీద సాయంత్రపు ఎండలో చెక్కపూసల పరుపు అలాగే ఉంది. రెండు పూసలు ఊడిపోయి, మధ్యలో పొడుగాటి మనిషి వీపు అంత గుంట.