ఆరు బకెట్ల పంట

“ఆరు బకెట్ల ద్రాక్షపళ్ళకి వైనేమిటే, పిట్టలకు వదిలెయ్,” అన్నాడు షక్రో భార్యతో, వాకిట్లో కాళ్ళు చాపుకుని. ఆ ఏడు వాళ్ళ కఖేతి సీమలో వడగళ్ళు పడ్డాయి. పొద్దున షక్రో చెప్పినప్పుడు ఒక్కోటి బాతుగుడ్డంత. సాయంత్రం స్నేహితుల దగ్గరికెళ్ళేసరికి గుమ్మడికాయంత. ఏదేమైనా తోటలో మిగిలింది ఆ ఆరు బకెట్లే.

ఎతేరి తడి చేతులు గౌనుకు తుడుచుకుని కాగుల కొట్లోకి నడిచింది. వైను పులియబెట్టడానికి మూతి దాకా నేలలో పాతిన కాగులవి. ఇరవై రెండేళ్ళ కిందట, కొత్త కోడలిగా వచ్చిన వారానికే అత్త పెలగేయా హెచ్చరించింది, “ఆడవాళ్ళ నీడ పడితే వైను పాడైపోతుందమ్మాయ్” అని. కాగులోకి దిగి తోమడానికి మాత్రం ఆ నీడ అడ్డం రాలేదు. మగవాళ్ళ పొట్టలు కాగు మూతిలో పట్టవు గనక ఏటా ఎతేరే దిగేది. పైనుంచి వాళ్ళు తొంగిచూసి “ఆ పక్కన ఇంకాస్త రుద్దు” అనేవారు. నేను తోమిన కాగులో నేనే పళ్ళు పోసుకుంటే ఎవరి సొమ్మేం పోతుంది, అనుకుంది.

అన్నిటికంటే చిన్న కాగు ఎంచుకుంది. పళ్ళు తొక్కి పోసింది. పైకి తేలే తొక్కల్ని రోజుకు నాలుగుసార్లు కర్రతో కిందికి నొక్కాలి. పిండి కలుపుతూ కలుపుతూ లేచి పరిగెత్తేది. లోపల రసం పొంగుతూ గుసగుసలాడేది. ఆమె వంగి చెవొగ్గేది. వండింది సాయంత్రానికి ఖాళీ, ఉతికింది మర్నాటికి మురికి. ఇదొక్కటే చేసినకొద్దీ పెరుగుతోంది. ఆ మాట తోచి ఒంటరిగా, గట్టిగా నవ్వుకుంది. గుసగుసలు ఆగాక బండమూత పెట్టి, చుట్టూ బంకమన్ను మెత్తింది.

ఏప్రిల్లో మూత తీసే రోజున షక్రో స్నేహితుల్ని పిలిచాడు. విందు బల్లకు పెద్ద బిడ్జీనా. ఆయన సరేననందే ఆ ఊళ్ళో ఎవరి గొంతులోకీ గుక్క దిగదు. వైను చేసినవాళ్ళే ముందు లేచి నాలుగు మాటలు చెప్పాలన్నది ఆ బల్ల ఆచారం. షక్రో లేచి, తాతగారి విద్య తనకెలా అబ్బిందో చెప్పాడు. నాలుగు మాటలు నలభై అయ్యాయి.

బిడ్జీనా తాగి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. “ఒరే, ఇలాంటిది నా జన్మలో తాగలేదు. గుత్తుల కాడలు వేశావా, తీసేశావా?”

షక్రో భార్య వైపు చూశాడు.

“ముదురువి వేసి, పచ్చివి తీసేశాను బాబాయ్,” అంది ఎతేరి, పళ్ళెం పట్టుకుని నిలబడే.

“తొక్కలెన్నాళ్ళు ఉంచావమ్మా?”

“ఇవాళ్టిదాకా.”

“అదే, నేను కూడా...” అన్నాడు షక్రో.

“నువ్వుండరా. చేసిన మనిషితో మాట్లాడుతున్నా,” అని బిడ్జీనా గ్లాసు నింపి ఆమె ముందు పెట్టాడు. “మన ఆచారం తప్పింది. మళ్ళీ మొదట్నుంచి కానిద్దాం.”

ఎతేరి పళ్ళెం దించింది. కుర్చీ లాక్కుని, అతిథులున్న బల్ల దగ్గర మొదటిసారి కూర్చుంది. తేనెరంగు వైనును వెలుతురుకెత్తి చూసుకుంది.

“షక్రో, పొయ్యిలో జున్నురొట్టెలు మాడుతున్నాయి, వెళ్ళి తీసుకురా,” అంది మెల్లగా. “నువ్వొచ్చేదాకా మొదలుపెట్టన్లే.”